చిత్తవ్యాధి - భాగవతుల కర్తవ్యము

శ్రీవైష్ణవ సంప్రదాయమున భగవత్కైంకర్యముకంటె భాగవత కైంకర్యమే ఘనమైనదని పూర్వాచార్యులు ఉపదేశించియున్నారు. స్వామికి పుష్పమాలికలు సమర్పించుటలో మనకు గల ఉత్సాహము, ఆ స్వామినే నమ్ముకొని కష్టములలోనున్న పొరుగింటి కుటుంబమును పలుకరించుటలో కానరాదు. ఒక ఇంట పక్షవాతము వచ్చినదని విన్నచో పండ్లు పట్టుకొని పోయి పరామర్శింతుము. ఆ యింటి పిల్లవానికి మతి చలించినదని విన్నచో మాత్రము ఆ వీథినే తప్పించుకొని నడతుము. ఆ యింటివారును తలుపులు మూసికొందురు. పేరంటములకు రారు, ఉత్సవములకు రారు; క్రమముగా గుడికి వచ్చుటయు మానుకొందురు. వ్యాధి ఒకనిది, వెలి మాత్రము ఇంటిల్లిపాదికిని.

ఇట్టి ఇండ్లు ఎక్కడనో ఒకటి రెండు గలవని అనుకొనరాదు. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థవారు 2015-16లో 12 రాష్ట్రములలో జరిపిన జాతీయ సర్వేలో, పదునెనిమిదేండ్లు నిండినవారిలో నూటికి 10.6 మంది ఏదో యొక మానసిక వ్యాధితో బాధపడుచున్నట్లు తేలినది. వ్యాధినిబట్టి నూటికి 70 మొదలు 92 మంది వరకు చికిత్సయే అందనివారు. ఇవి అన్నియు ఉన్మాదములు కావు. తీరని దిగులు, కారణములేని భయము, మద్యవ్యసనము మొదలైనవియు ఇందులో చేరినవి. అయినను దర్శనపు వరుసలో మన ముందు నిలిచిన పదిమందిలో ఒకరు ఈ బాధ నెరిగినవారై యుండవచ్చును.

భగవద్రామానుజుల చరిత్రలో అందరెరిగిన ఘట్టమొకటి కలదు. తిరుక్కోష్టియూరులోని గోష్ఠీపూర్ణుల వద్దకు వారు శ్రీరంగమునుండి పదునెనిమిది పర్యాయములు నడచిపోయి మంత్రార్థమును గ్రహించిరి. రహస్యముగా నుంచవలెనను ఆజ్ఞను మీరి, గోపురమెక్కి, కూడిన జనులందరకు దానిని ఎలుగెత్తి చాటిరి. తానొక్కడు నరకమునకు పోయినను ఇందరు తరింతురుగదా యని గురువునకు విన్నవించిరి. అంతటి మంత్రరహస్యమునే జనహితమునకై వెల్లడించిన ఆచార్యుని శిష్యులమై యుండియు, ఒక వ్యాధిని గూర్చిన సామాన్యజ్ఞానమును మనము గుసగుసలలో దాచుచున్నాము. "గాలి సోకినది" యని ఒకరు, "చేతబడి" యని ఒకరు, "వాళ్ళ వంశములోనే ఉన్నది" యని ఇంకొకరు చెవులు కొరుకుకొందురేగాని, పెద్దాసుపత్రిలో మనోవ్యాధుల వైద్యుడు ఏ దినమున చూచునో చెప్పువారుండరు.

నిజమునకు మన ప్రాచీన వైద్యులు ఈ విషయమున మనకంటె నిర్భయముగా మాటాడిరి. చరకసంహితలో ఉన్మాదమునకు ప్రత్యేకాధ్యాయములే కలవు. వాతము, పిత్తము, కఫము, ఈ మూటి సన్నిపాతము, ఆగంతుకము అని ఉన్మాదమును ఐదు విధములుగా విభజించి, ఔషధములను, పథ్యమును, ఓదార్పును విధించినారు. తన వ్యాధికి దేవతలను, పితరులను, రాక్షసులను నిందింపరాదని కూడ చరకుడు స్పష్టముగా పలికెను. నేటి వైద్యులు చెప్పు కారణములు వేరు: మెదడులో కలుగు మార్పులు, పుట్టుకతో వచ్చిన స్వభావము, జీవితమున తగిలిన దెబ్బలు. కాలము మారినను, ఇది చికిత్సకు లొంగు వ్యాధి యను మాట మారలేదు.

ఇక "ఏ జన్మలో ఏ పాపము చేసితినో" యని కుమిలిపోవు తల్లికి ఏమి చెప్పవలయును? నారాయణీయమును రచించిన మేల్పత్తూరు భట్టతిరి వాతరోగముతో గురువాయూరప్పని సన్నిధి చేరెను. ఆయనను పాపియని పలుకుటకు ఎవరికైన నోరాడునా? కర్మఫలముల లెక్క సర్వేశ్వరుని చేతిలోనిది. పొరుగువారికి ఆ చిట్టా వ్రాయు అధికారము ఎవరును ఇయ్యలేదు.

భాగవతము పంచమస్కంధములోని జడభరతుని కథ ఇచ్చట స్మరింపదగినది. ఆయన బ్రహ్మజ్ఞాని, లోకులకు మాత్రము జడుడు, పిచ్చివాడు. అన్నదమ్ములు ఆయనచే పొలముపని చేయించి, నూకలు, తెలికపిండి, పొట్టు, కుండ కంటిన మాడు పెట్టిరి. మనము ఈ కథ విని ఆయన వైరాగ్యమునకు చేతులు జోడింతుము. ఆ అన్నదమ్ముల విషయము ఆలోచింపము. అతడు జ్ఞాని కాకపోయినచో, నిజముగా మతిలేనివాడే యైనచో, వారు పెట్టినది న్యాయమగునా? పెరటిలోని కొట్టుగదిలో విడిగా కంచము పెట్టి మనవారికి అన్నము తోయునపుడు మనము ఎవరి పాత్ర వహించుచున్నామో చూచుకొనవలయును.

దీనికి మరియొక ప్రక్క కూడ కలదు. భక్త్యున్మాదమును, వ్యాధిని ఒకటిగా భావించి కాలహరణము చేయువారున్నారు. కులశేఖరాళ్వారు రామాయణ ప్రవచనము వినుచు, ఖరదూషణుల సేనతో రాముడు ఒంటరిగా పోరుచున్నాడని విని, తన సేనను సన్నద్ధము చేసెనట. తిరుమలలో గర్భాలయపు గడపకు ఆయన పేరే నిలిచినది. అది ప్రేమపారవశ్యము, రాముడు జయించెనని తెలిసినంతనే ఆయన మనసు కుదుటపడినది. వ్యాధి అట్లు కాదు. నిద్ర పోవును, ఆహారము పోవును, స్నానముపై ధ్యాస పోవును. ఎవరును లేనిచోట మాటలు వినబడును. కన్నతల్లియే విషము పెట్టుచున్నదను అనుమానము కలుగును. ఇట్టి లక్షణములు వారములతరబడి నిలిచినచో, వాడు భగవంతునితో మాటాడుచున్నాడని మురిసిపోక, పూనకమని వేపమండలతో కొట్టింపక, వైద్యునివద్దకు గొనిపోవలయును.

కుటుంబమునకు శిక్షణ యెందుకని కొందరడుగవచ్చును. 1950వ దశకమున అమృత్‌సర్ మానసిక చికిత్సాలయమున డాక్టర్ విద్యాసాగర్ అను వైద్యుడు ఆసుపత్రి ఆవరణములో గుడారములు వేయించి, రోగుల బంధువులను రోగులతోపాటు అచ్చటనే ఉండనిచ్చెను. బంధువులను కూర్చుండబెట్టి వ్యాధిస్వభావమును వివరించుచుండెను. రోగులు త్వరగా కోలుకొని ఇండ్లకు పోసాగిరి. బంధువులకును భయము తీరెను. ఆ దశకములోనే వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలవారును కుటుంబమును చికిత్సలో భాగము చేసిరి. పిమ్మట లండన్ నగరమున జరిగిన పరిశోధనలలో, ఇంటికి తిరిగి వచ్చిన రోగిని ఎల్లవేళల తప్పులెన్నుచు సాధించు ఇండ్లలో వ్యాధి తిరుగబెట్టుట ఎక్కువయని తేలినది. 1987లో ప్రకటితమైన చండీగఢ్ పరిశోధన, మన దేశమున అట్లు సాధించు కుటుంబములు లండన్‌కంటె చాల తక్కువయని చూపినది. ఇది మనకు సంతోషకరమే. కాని ఓర్పు ఒక్కటి చాలదు, తెలివిడియు కావలయును.

మార్జాలకిశోర, మర్కటకిశోర న్యాయములు మన సంప్రదాయజ్ఞులకు క్రొత్తవి కావు. ఆచార్యులు వానిని ప్రపత్తి విచారములో వాడిరి. నేను ఇంటి విషయమునకు అన్వయించుచున్నాను, పెద్దలు మన్నింతురుగాక. వ్యాధి ఉద్ధృతముగా నున్నపుడు రోగి పిల్లికూనవంటివాడు. తానుగా ఏమియు పట్టుకొనలేడు. తల్లియే నోట కరచుకొని పోవలయును. మందు చేతిలో పెట్టి మ్రింగించుట, రాత్రి కనిపెట్టి యుండుట అపుడు తప్పవు. కొంత నెమ్మదించిన పిమ్మట అతడు కోతిపిల్లవలె తానే పట్టుకొనుట నేర్వవలయును. పూలు కట్టుట, కూరలు తెచ్చుట, చిన్న లెక్కలు వ్రాయుట వంటి పనులు అప్పగింపవలయును. రెండవ దశ వచ్చినను మొదటి దశలోవలె మోయుచుండు తల్లులు పెక్కుమంది కలరు. ప్రేమచేతనే బిడ్డను కుంటివానిని చేయుదురు. మొదటి దశలోనే "నీవే తెలిసికొని లేచి పని చేసికొనుము, అంతయు సోమరితనము" అని గద్దించు తండ్రులును కలరు.

అనుమానములు చెప్పునపుడు రోగితో వాదింపరాదు, ఔనని తలయూపనురాదు. "నీకు భయమగుచున్నదా నాయనా, నేను ఇచ్చటనే యున్నాను" అనుట మేలు. చనిపోవుదునని యన్నచో ఒంటరిగా విడువక వెంటనే ఆసుపత్రికి గొనిపోవలయును. అట్టి తలంపు కలదాయని అడిగినంతమాత్రమున లేని తలంపు పుట్టదు. గుణము కనబడగానే మందు మాన్పించుట అన్నిటికంటె తరచుగా జరుగు పొరపాటు.

పెళ్ళి మాటయు చెప్పవలసియున్నది. "పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు, పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు" అని నవ్వుటకు పుట్టిన సామెతను కొందరు వైద్యసూత్రముగా భావించి, వ్యాధిని దాచి పెండ్లి చేయుచున్నారు. ఏమియు నెరుగని మరియొక ఇంటి బిడ్డ జీవితమును ఔషధముగా నూరిపోయుట ఏ ధర్మమునకును ఒప్పదు. అన్నియు విప్పి చెప్పి, వైద్యుని సలహాతో చేసికొను వివాహము వేరు.

ఆలయములకు ఈ విషయమున ప్రాచీనమైన పాత్ర కలదు. తిరుచిరాపల్లి సమీపమున కావేరీతీరమందలి గుణశీలములో ప్రసన్న వేంకటేశ్వరుని సన్నిధిని చిత్తవ్యాధిగ్రస్తులు 48 దినములు నివసించి తీర్థము గ్రహించుట చిరకాలపు ఆచారము. నేడు అచ్చట ప్రభుత్వానుమతి పొందిన పునరావాస కేంద్రమును, వైద్యుల పర్యవేక్షణయు ఏర్పడినవి. తమిళనాడులోనే మరియొక ఆలయమున నివసించిన 31 మంది రోగులను నిమ్హాన్స్ వైద్యులు పరీక్షించి, సుమారు ఆరు వారములలో వ్యాధిలక్షణములు ఐదవవంతు తగ్గినట్లు 2002లో ప్రకటించిరి. భయపెట్టని, ఆదరించు వాతావరణమే అందులకు తోడ్పడినదని వారి భావము. ఐదవవంతు తగ్గినదనగా తక్కినది మిగిలియే యున్నదని గ్రహింపవలయును. తీర్థమును మందును ఒకదానికొకటి అడ్డు కావు. ఆదరణ లోపించినచో పుణ్యక్షేత్రమే యమలోకమగును. 2001 ఆగస్టు 6న రామనాథపురము జిల్లా ఏర్వాడిలో, దర్గా నాశ్రయించి వచ్చిన రోగులుండిన ఒక పాకకు నిప్పంటుకొనగా, గొలుసులతో కట్టబడిన 28 మంది పారిపోలేక కాలిపోయిరి. మతమేదైనను గొలుసు గొలుసే. 2017 నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము గొలుసులతో బంధించుటను పూర్తిగా నిషేధించినది.

వ్రతముల విషయమై ఒక హెచ్చరిక. వైకుంఠ ఏకాదశి జాగరణము మనకు పరమపవిత్రము. కాని ఉద్రేకము, దిగులు మారి మారి వచ్చు వ్యాధి కలవారికి ఒక్క రాత్రి నిద్ర చెడినను ఉద్రేకము మరల రేగవచ్చును. లిథియము అను మందు వాడువారు నీరైనను త్రాగక ఉపవసించినచో ఆ మందు విషమించు ప్రమాదము కలదు. రోగులకు ఉపవాసనియమము సడలింపు శాస్త్రసమ్మతమే. వారి పక్షమున ఇంటివారిలో ఒకరు జాగరణము చేసినను చాలును. యాత్రకు వచ్చునపుడు మందులు పెట్టెలో అడుగున పడవేయక చేతిసంచిలో నుంచుకొనవలయును. వరుసలో గంటలకొలది నిలువవలసి వచ్చినను వేళకు మందు తప్పరాదు.

దేవస్థానములవారు, భజన సమాజములవారు నెలకొక పర్యాయము, హరికథ ముగిసిన పిమ్మట ఒక గంట, మండపములో ఒక మనోవైద్యుని పిలిపించి మాటాడించినచో ఎంతయో మేలగును. వచ్చినవారిని మీ ఇంట ఎవరికని ఎవరును అడుగరాదు. అందరకు వలెనే వారికిని ప్రసాదము పెట్టి, మరునెల తేదీ చెప్పి పంపవలయును. రాలేనివారికి 14416 అను టెలి మానస్ సంఖ్య కలదు. కేంద్రప్రభుత్వము 2022 అక్టోబరులో ప్రారంభించిన ఈ సేవ ఉచితము. రేయింబవళ్ళు తెలుగులో కూడ మాటాడుదురు. ఆ సంఖ్యను పంచాంగశ్రవణమునాడు గుడి పలకపై తిథివార నక్షత్రముల క్రింద సుద్దతో వ్రాయించి, సంవత్సరము పొడవున చెరపకుండ ఉంచుటకు అర్చకస్వాములు అనుమతింతురుగాక.