ఆబాద్ అన్న సగం

హైదరాబాద్ పేరు మీద వాదన లేస్తే అది ఎప్పుడూ మొదటి సగం చుట్టూనే తిరుగుతుంది. హైదర్ అంటే సింహం, హజ్రత్ అలీకి ఉన్న బిరుదు, ఆయన్ను తలుచుకునే 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా మూసీ దక్షిణపు ఒడ్డున నగరం కట్టించాడని ఒకరంటారు. కాదు, కులీ ప్రేమించిన భాగమతి పేరు మీద ముందు భాగ్యనగరమేనని ఇంకొకరు. ఆ భాగమతి నిజంగా ఉందా అన్న విషయంలో చరిత్రకారులే ఒక్క మాట మీద లేరు. నన్ను మాత్రం చాలాకాలంగా పట్టుకున్నది రెండో సగం. దాని కోసం ఎవరూ పోట్లాడరు.

ఆబాద్ పారశీకం నుంచి వచ్చిన మాట. జనం కాపురం ఉండే చోటు, సాగు జరిగే చోటు అని అర్థం. ఆదిలాబాద్, నిజామాబాద్, సికింద్రాబాద్, జహీరాబాద్, అన్నిటికీ చివర అదే. తెలంగాణలో ఇది పేర్లతో ఆగలేదు, భూమి కాగితాల్లోకీ ఎక్కింది. ఊళ్లో ఇళ్లున్న జాగాను ఆబాదీ అంటారు, గ్రామకంఠం అన్నా అదే. దాంట్లో పంట పండదు, శిస్తు రాదు. మనుషులు ఉండటమే ఆ నేలకున్న పని. దీనికి ఎదురుమాట కూడా మన నోళ్లలో ఉంది. వాన పడక చేను పోయినా, తాగుడుకు మరిగి సంసారం కూలినా ‘బర్బాద్ అయింది’ అంటాం.

పేరు పెట్టేవాడు పాలకుడు. మొదటి సగంలో తన భక్తినో, ప్రేమనో, తన పేరునో రాసుకోగలడు. రెండో సగాన్ని నిజం చేయడం ఒక్కడి వల్ల కాదు. గోల్కొండ ఇరుకై, నీళ్లకు కటకటై జనం నది దాటి వచ్చారు కాబట్టే చార్మినార్ చుట్టూ ఊరు నిలిచింది.

ఇంకో హైదరాబాద్ సింధులో ఉంది. 1768లో మియా గులాం షా కల్హోరో సింధు నది తూర్పున, నేరూన్ కోట్ అనే పాత ఊరు ఉన్న చోట, గుట్ట మీద కోట కట్టించాడు. ఆయన తలుచుకున్నదీ అలీనే. పాత ఫొటోల్లో ఆ ఊరి ప్రతి కప్పు మీదా ఒక గాలిగూడు నైరుతి వైపు నోరు తెరుచుకుని కనిపిస్తుంది. అటు నుంచి వీచే గాలిని పట్టి కింద గదుల్లోకి దించేది. ఆ ఎండల్లో మనుషులు బతకడానికి చేసుకున్న ఏర్పాటు అది. ఆబాద్ అంటే ఏమిటో నాకు కోట కన్నా ఆ కప్పులే బాగా చెప్పాయి.

దేశ విభజనకు ముందు రోజుల్లో గుర్తు కోసం ఒకదానికి దక్కన్, ఒకదానికి సింధ్ తగిలించేవాళ్లు. ఆ అవసరం సరిహద్దుతో పాటే తీరిపోయింది. అయినా నాంపల్లి స్టేషన్ పేరులో దక్కన్ ఇంకా ఉంది. దాన్ని తీసేయకూడదని నా కోరిక. ఇదే పేరుతో మరో చోట కూడా జనం బతుకుతున్నారని చెబుతున్నది ఆ ఒక్క మాటే.

1947లో సింధ్ హైదరాబాద్ నుంచి హిందూ వ్యాపారులు, ఉద్యోగులు ఇళ్లు వదిలేసి వచ్చారు. ఆ ఊళ్లోకి భారత్ నుంచి వెళ్లిన ముస్లింలు చేరారు. సింధ్ నుంచి వచ్చిన కుటుంబాల్లో ఒకటి 1953లో మన మొజంజాహీ మార్కెట్ దగ్గర కరాచీ బేకరీ తెరిచింది. మన దగ్గరి నుంచి కరాచీ వెళ్లినవాళ్లు అక్కడ హైదరాబాద్ కాలనీ కట్టుకుని ఊరగాయలు, బగారా బైంగన్ అమ్మారు. ఉన్న ఊళ్లో పేరుతో అంత పనేమీ ఉండదు. తెలంగాణ పల్లెల్లో హైదరాబాద్‌ను ఇప్పటికీ పట్నం అంటే చాలు. పూర్తి పేరు బోర్డు మీద రాసి పెట్టుకోవాల్సి వచ్చేది ఊరు పోగొట్టుకున్నవాళ్లకే.

1987 ప్రపంచ కప్ క్రికెట్‌ను భారత్, పాకిస్తాన్ కలిసి నడిపాయి. అక్టోబరు 8న పాకిస్తాన్, శ్రీలంక సింధ్ హైదరాబాద్‌లో ఆడాయి. 10న న్యూజిలాండ్, జింబాబ్వే మన హైదరాబాద్‌లో. ఒకే పోటీ, రెండు దేశాలు, రెండు రోజుల తేడాలో ఒకే పేరు. అలాంటిది మళ్లీ జరగాలని మనసారా కోరుకుంటాను.

రెండు ఊళ్లకూ గాజులతోనూ పేరుంది. మన లాడ్ బజార్‌లో లక్కను నిప్పుల మీద మెత్తబరిచి, కడ్డీగా సాగదీసి, గుండ్రంగా వంచి, వేడి ఆరకముందే ఒక్కొక్క రాయీ అద్దుతారు. సింధ్ హైదరాబాద్‌లో గాజు గాజులు. బట్టీ నుంచి వచ్చిన గాజుకు రెండు కొసలూ విడివిడిగా ఉంటాయి. వాటిని ఇళ్లలో ఆడవాళ్లు చిన్న మంట ముందు కూర్చుని ఒక్కటొక్కటే అతికిస్తారు. నాకు ఎప్పుడైనా వీసా దొరికి ఆ ఊరు వెళ్లగలిగితే, కోట తర్వాత చూడొచ్చు, ముందు ఆ వీధుల్లోకి వెళ్తాను.