గురి కుదిరిందని ఎలా తెలుస్తుంది?

దూరపు గురి కోసం రైఫిల్‌కి స్కోపు కొనేవాళ్ళకి ధరా, మాగ్నిఫికేషనూ తేలాక ఇంకో ప్రశ్న మిగులుతుంది. పారలాక్స్ సరిచేసే ఏర్పాటు ఏ రకానిది కావాలి? ఫ్యాక్టరీలోనే ఒక దూరానికి బిగించేసినదా, ముందు కటకం చుట్టూ ఉన్న రింగుని తిప్పేదా, ఎడమ పక్కనున్న నాబ్‌ని తిప్పేదా? ఇది తుపాకులవాళ్ళ గొడవ, మనకెందుకు అనిపించొచ్చు. కానీ దీని వెనక అందరికీ సంబంధించిన ప్రశ్నొకటి ఉంది. నాకు కనిపిస్తున్నది నిజంగా అక్కడే ఉందా, లేక నేను నిలబడ్డ చోటు వల్ల అలా కనిపిస్తోందా? ఆ తేడా కనిపెట్టే బాధ్యత పరికరానిదా, నాదా?

పారలాక్స్ అంటే పెద్ద విషయమేం కాదు. ముల్లు స్పీడోమీటరున్న పాత కార్లో డ్రైవరుకి అరవై మీద కనిపించే ముల్లు, పక్క సీట్లో కూర్చున్నవాడికి ఇంకో అంకె మీద కనిపిస్తుంది. ముల్లుకీ అంకెలకీ మధ్య కాస్త ఖాళీ ఉండటమే కారణం. స్కోపులో జరిగేదీ అదే. దూరాన ఉన్న వస్తువు ప్రతిబింబం, లోపలున్న అడ్డం నిలువు గీతలు సరిగ్గా ఒకే తలంలో ఉండాలి. ప్రతిబింబం కాస్త ముందో వెనకో పడితే, కన్ను పక్కకి జరిగినప్పుడల్లా గీతలు వస్తువు మీద జరుగుతాయి. తుపాకి కదల్లేదు, జంతువు కదల్లేదు, గురి మాత్రం మారింది.

ఎంత మారుతుందో లెక్క కట్టొచ్చు. 40 మిల్లీమీటర్ల ముందు కటకం, 100 గజాలకి బిగించిన స్కోపు అనుకుందాం. కన్ను పూర్తిగా అంచుకి జరిగితే 200 గజాల దగ్గర 2 సెంటీమీటర్లు, 300 దగ్గర 4, 500 దగ్గర 8 సెంటీమీటర్ల దాకా తేడా రావచ్చు. గాలి వల్లా, ఊపిరి వల్లా వచ్చే తప్పు చాలాసార్లు ఇంతకన్నా పెద్దదే. అయితే గాలి వీస్తుంటే ఒంటికి తెలుస్తుంది, చెయ్యి వణికితే కంటికే తెలుస్తుంది. పారలాక్స్ అలా కాదు. గీతలు గుండె మీదే ఉన్నట్టు కనిపిస్తాయి. తప్పు చేస్తున్నవాడికి అంతా సరిగానే ఉంటుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. బొమ్మ స్పష్టంగా ఉంటే పారలాక్స్ పోయినట్టే అనుకుంటారు. నాబ్‌ని చాలామంది ఫోకస్ నాబ్ అనే పిలుస్తారు కూడా. కానీ మన కన్ను తనంతట తాను సర్దుకుంటుంది, కాస్త తేడాగా ఉన్నదాన్ని కూడా పదునుగా చూపిస్తుంది. నాబ్ మీద అచ్చేసిన గజాల అంకెలు కూడా ఉజ్జాయింపే. అందుకే అనుభవమున్నవాళ్ళు ముందు కంటి దగ్గరి కటకాన్ని గీతలు పదునుగా కనిపించేలా సర్దుకుంటారు. తర్వాత రైఫిల్‌ని కదలకుండా ఆన్చి, తలని కొద్దిగా పైకీ కిందకీ ఆడించి చూస్తారు. గీతలు గురి మీద ఈదులాడుతుంటే ఇంకా తిప్పాలి, కదలకుండా ఉంటే కుదిరినట్టు. అంటే ఇంకా తదేకంగా చూస్తే ఈ తప్పు దొరకదు. చూసేవాడు కదలాలి.

ఇది మనకి చిన్నప్పట్నించీ నేర్పినదానికి ఎదురుగా ఉంది. ద్రోణుడి పరీక్ష తెలియనివాళ్ళెవరు? ధర్మరాజుకి చెట్టూ గురువూ తమ్ముళ్ళూ అందరూ కనిపించారు, పక్కకి పొమ్మన్నాడు గురువు. అర్జునుడికి పక్షి తప్ప ఇంకేం కనిపించలేదు, మెప్పు పొందాడు. ఏకాగ్రతకి ఇంతకన్నా మంచి కథ లేదు. కానీ ఒక వివరం మనం దాటేస్తాం. ఆ చెట్టు మీదున్నది చేతివాళ్ళతో చేయించి పెట్టిన బొమ్మ పక్షి. దానికి నెత్తురు లేదు, గూడు లేదు. అలాంటి గురికి మిగతా లోకం కనపడకపోయినా నష్టం లేదు. గురి ప్రాణమున్నదైతే ధర్మరాజు చూసినవి కూడా ఎవరో ఒకరు చూడాలి. స్కోపులోనూ ఇంతే, మాగ్నిఫికేషన్ పెంచేకొద్దీ కనిపించే మేర ఇరుకవుతుంది. పంది గుండె పెద్దదవుతుంది, దాని వెనక నడుస్తున్న పిల్లలు చట్రం బయటికి పోతాయి.

పంది అని ఊరికే అనలేదు. పెనుకొండకీ హిందూపురానికీ మధ్య, 44వ నంబరు జాతీయ రహదారి మీదున్న సోమందేపల్లె చుట్టూ ఇది నిజమైన సమస్య. ఆ మెట్టనేల మీద ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన. ఆ వానని నమ్ముకుని శెనక్కాయ వేస్తారు. కాయ ఊరే వేళకి గుట్టల్లోంచి అడివిపందులు దిగుతాయి. అవి తినేదానికన్నా తవ్వి పాడుచేసేది ఎక్కువ. చేను చుట్టూ పాత చీరలు కట్టడం, డబ్బాలు కొట్టడం, టపాకాయలు పేల్చడం, రాత్రంతా కావలి కాయడం రాయలసీమలో ఎవరినడిగినా చెబుతారు. కొందరు కంచెకి కరెంటు పెడతారు. దానికి పందితోపాటు మనిషీ బలవుతాడు.

చట్టానికి ఈ సంగతి తెలుసు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ కింద, పంటని నాశనం చేసే అడివిపందిని చంపడానికి అధికారి కారణాలు రాసి అనుమతి ఇవ్వొచ్చు. అదే చేలో పడిన కృష్ణజింక మొదటి షెడ్యూలులోది, మన రాష్ట్ర జంతువు. పంట తిన్నదని దాన్ని చంపనివ్వరు. రైతు కోల్పోయిన గింజ ఒకటే, చట్టం చూసే దూరాలు రెండు. ఇంకో వైపు 1959 ఆయుధాల చట్టం పంట కాపలా కోసమే మజిల్ లోడర్ తుపాకికి లైసెన్సు ఇవ్వొచ్చంటుంది. గొట్టం మూతిలోంచి మందు కూరే ఆ తుపాకికి స్కోపు ఎక్కడిది? చేను పక్కన పడుకునేవాడి చేతిలో స్కోపు లేదు. స్కోపున్నవాడు చేనుకి దూరంగా, చాలాసార్లు ఊరికే దూరంగా ఉంటాడు.

2016 జూన్‌లో బీహార్‌లోని మోకామాలో ఇదే జరిగింది. అక్కడ మనుబోతుల్ని పంటకి చేటుచేసే జంతువులుగా కేంద్రం అంతకుముందే ప్రకటించింది. హైదరాబాదు నుంచి పిలిపించిన షూటర్లు 200కి పైగా మనుబోతుల్ని కాల్చారు. కేంద్రమంత్రి మేనకా గాంధీ మండిపడ్డారు. పర్యావరణ మంత్రి ప్రకాశ్ జవదేకర్, రాష్ట్రాలు అడిగాయి కాబట్టే అనుమతిచ్చామన్నారు. ఒకే ప్రభుత్వం, ఒకే జంతువు. ఒకరికి దాని వెనక తరిగిపోతున్న అడివి కనిపించింది, ఇంకొకరికి తొక్కేసిన పంట. ఇద్దరి బొమ్మా పదునుగానే ఉంది. తల ఆడించి చూసినట్టు మాత్రం కనపడలేదు.

ఇక్కడ పారలాక్స్‌ని ఇంకో వైపు నుంచి చూడాలి. తుపాకివాడికి అది తొలగించాల్సిన లోపం. ఖగోళవేత్తకి అదే సమాచారం. భూమి సూర్యుడికి ఒక పక్కనున్నప్పుడూ, ఆర్నెల్లకి అవతలి పక్కకి చేరినప్పుడూ చూస్తే దగ్గరి నక్షత్రం కాస్త జరిగినట్టుంటుంది. ఆ జరుగుడుని కొలిచి 1838లో బెస్సెల్ 61 సిగ్ని అనే నక్షత్రం దూరం చెప్పాడు. ఒక్కచోటే నిలబడి ఎంత పెద్ద దుర్భిణీతో చూసినా ఆ పద్ధతిలో దూరం తేలదు. కాంట్ 1766లో రాసిన ఒక చిన్న పుస్తకంలో ఈ మాటనే ఆలోచనకి వాడుకున్నాడు. నా తీర్పుని నా చోటు నుంచీ, ఇతరుల చోటు నుంచీ చూస్తే రెండిటికీ పెద్ద తేడా వస్తుంది, కానీ దృష్టిభ్రమ తప్పించుకోడానికి ఉన్న దారి అదొక్కటే అంటాడు.

అలాగని రెండు చూపులూ సమానమే, ఎవరి నిజం వాళ్ళది అనడం కుదరదు. ఆ మాట చెప్పి మనం తప్పుకుంటాం, రైతు తప్పుకోలేడు, పందీ తప్పుకోలేదు. తల ఆడించడం దేనికంటే గీతల్ని చివరికి ఒకచోట నిలపడానికే.

మరి ఏ రకం మంచిది? నూటయాభై గజాలు దాటనివాడికి బిగించిన స్కోపే చాలు. దాని పరిమితి దానికి తెలుసు, చెంప ప్రతిసారీ ఒకేచోట ఆన్చే క్రమశిక్షణ మననుంచి అడుగుతుంది. ముందు రింగుది సరళమైన నిర్మాణం, కానీ గురి పట్టిన చెయ్యి వదిలి ముందుకి చాపాలి. కాబట్టి తొందరలో చాలామంది తిప్పరు. దూరానికి పక్క నాబే నయం, కన్ను తీయకుండానే సర్దుకోవచ్చు. దాని ప్రమాదమూ ఆ సౌకర్యంలోనే ఉంది. అంకె మీదకి తిప్పేసి పని అయిపోయిందనుకుంటాం. ఏ రకం కొన్నా తల ఆడించే పని మాత్రం ధరలో కలిసి రాదు.

కాల్చమని కాగితం మీద సంతకం పెట్టే అధికారికీ, కాల్చొద్దని నగరంలోంచి రాసే మనబోటివాళ్ళకీ ఆ పని ఉంది. అధికారి కారణాలు రాసేముందు ఆ గుట్టలో పందికి తిండీ నీళ్ళూ ఏం మిగిలాయో చూడాలి. వద్దనేవాళ్ళు కాయ ఊరే నెలలో ఒక రాత్రి గట్టు మీద కూర్చుని చూడాలి. అవతలి చోటు నుంచి చూశాక కూడా తీర్పు కదలకపోతే, అప్పుడు దాన్ని గురి అనొచ్చు.