మిగులు గది ఎవరిది?



ఒక ఇంట ఎన్ని గదులుండవలెను? ఇది తాపీ మేస్త్రీ తేల్చవలసిన లెక్కవలె కనబడును గాని, మనస్సాక్షి కూడ జవాబు చెప్పవలసిన ప్రశ్న.

2024 మార్చి 11న మన భద్రాచలములోనే ఇందిరమ్మ ఇండ్ల పథకము ఆరంభమైనది. సొంత స్థలము గల పేదవారికి 5 లక్షల రూపాయల సహాయము. అయితే ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గరాదు, 600 మించరాదు. మించినచో బిల్లు రాదు. "మా కష్టార్జితము కలిపి ఇంకొక గది వేసికొన్న తప్పేమి?" అని కొందరందురు. "అంత శక్తి గలవానికి సహాయమేల? గుడిసెలోనివానికే ఇయ్యవలెను" అని మరికొందరందురు.

బ్రిటను దేశములో ఇట్టి వాదమే చెలరేగినది. అక్కడ 2013 ఏప్రిల్ నుండి, ప్రభుత్వ గృహములలో అద్దెకున్న పేదలకు ఒక పడకగది ఎక్కువగా ఉన్నచో, అద్దె సహాయములో నూటికి 14 వంతులు, రెండు లేక అంతకు మించి ఉన్నచో 25 వంతులు తగ్గించిరి. ఇరుకిండ్లలో నలుగు కుటుంబములకు చోటు కలుగునని పాలకులు చెప్పిరి. కాని మారుటకు చిన్న ఇల్లు దొరకక, ఉన్నచోటనే ఆ కోత భరించినవారు అనేకులు.

కొలత వద్దని మనము చెప్పజాలము. ప్రజల సొమ్ము అందరి చెమట. ఇంటికి ఇల్లు చేర్చుకొని ఇతరులకు చోటు లేకుండ చేయువారిని యెషయా ప్రవక్త గద్దించెను (యెషయా 5:8).

అయినను షూనేమీయురాలిని చూడుడి (2 రాజులు 4). ఆ ఇంట ఉన్నది భార్యాభర్తలు. అప్పటికి బిడ్డలు లేరు. ఆమె దైవజనుని కొరకు మిద్దెమీద గది కట్టించి, మంచము, బల్ల, పీట, దీపము అమర్చెను. తలలు లెక్కించువానికి అది మిగులు గదియే. కాని తరువాత ఆమె కుమారుడు చనిపోగా, ఆ మంచము మీదనే పరుండబెట్టెను. అక్కడనే వాడు తిరిగి బ్రదికెను.

మన ఇండ్ల సంగతి మనకు తెలియును. కూతురు పురిటికి వచ్చును. కూలికి వలసపోయిన కుమారుడు పండుగకు వచ్చును. 2022 జూలైలో భద్రాచలమున గోదావరి 71 అడుగులు దాటినప్పుడు, మెట్టనున్న బంధువు ఇంటి వసారా పల్లపువారికి ఎంత అవసరమో ఎరుగుదుము. కనుక సహాయమిచ్చువారు కొలువవచ్చును, అయితే కోత పెట్టకమునుపు, "ఈ గదిలో ఎవరు పండుకొందురు? ఎవరికొరకు ఉంచితిరి?" అని అడుగవలెను.

ఆ ప్రశ్న మన గడపకును వచ్చును. మనలో ఎందరి ఇంట ఒక గది తాళము వేసియున్నది! అదే వీధిలో సంఘపు విధవరాలు కారుచున్న కప్పుక్రింద వానరాత్రి కూర్చుండియే గడపుచున్నది. అట్టి గదిని మిగులు గదియని ఎవరైన అన్నచో మనమేమి జవాబు చెప్పగలము?

సత్రములో చోటు దొరకని తల్లికి పుట్టిన ప్రభువు, మన గదులను, వాటికంటె ముందుగా మన హృదయములను తెరచును గాక. ఆమేన్.