గట్టు కింది నీళ్లు

నా ఉద్యోగం పేరు చెబితే ఆ రోజుల్లో ఎవరికీ ఓ పట్టాన అర్థమయ్యేది కాదు. భూగర్భ జల పరిశీలన అంటే గనుల్లో పని కాబోలనుకునేవారు. పల్లెల్లో మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశారు: "నీళ్ల సార్". హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కలే నా సర్వీసు చాలామట్టుకు గడిచింది. అప్పుడది అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. పేరు మారింది గాని కింద బండ మారలేదు.

ఆ బండ సంగతి కొంచెం చెప్పాలి. పైన కాస్త మట్టి, దాని కింద గరుసు, ఆ కింద గ్రానైటు, నైసు రాళ్లు. రాయి నీళ్లు తాగదు. రాతిలో పగుళ్లుంటే ఆ పగుళ్లలో ఉన్నవే నీళ్లు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా పడే వానలో నూటికి పది పదకొండు పాళ్లు లోపలికి ఇంకితే అదే గొప్ప. హిందూపురం దగ్గర పెన్న, ధర్మవరం దగ్గర చిత్రావతి ఉన్నాయంటారా? ఏడాదిలో చాలా నెలలు అవి ఇసుకే. అంచేత అందరి చూపూ కిందికే.

మేం చేసేదల్లా నాలుగు ఇనప కమ్మీలు నేలలో దిగ్గొట్టి, రెండింటి గుండా కరెంటు పంపి, మిగతా రెండింటి మధ్య వోల్టేజి చూడటం. తడి ఉన్నచోట కరెంటు సులువుగా పోతుంది, పొడి బండలో మొరాయిస్తుంది. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేలో తిరిగే సామికీ నాకూ తేడా ఆ నాలుగు కమ్మీలేనని రైతుల అభిప్రాయం. మర్యాదలు ఆయనకే ఎక్కువ జరిగేవి లెండి.

పెనుకొండ దగ్గర ఓ పల్లెలో ఒక రైతు పిలిచాడు. ఐదెకరాల చీనీ తోట. చీనీ అంటే వేరుశనగ కాదు, ఈ ఏడు పోతే మళ్లీ ఏడు వేసుకుందామనుకోవడానికి. ఐదారేళ్లు బిడ్డలా సాకితే గాని కాపుకు రాదు. పాత బోరు గాలి కక్కుతోంది, ఆకులు ముడుచుకుంటున్నాయి. కమ్మీలు దించాను. మంచి పాయింటే దొరికింది. తీరా చూస్తే ఆ పగులు గట్టు కిందుగా పోయి అవతలి చేలోకి దారి తీస్తోంది. ఆ చేను ఆయన చిన్నమ్మది. రెండెకరాలు, ఒక బోరు, ఇంకో ఆధారం లేదు.

"మీ చిన్నమ్మ బోరుకు దెబ్బప్పా ఇది" అన్నాను.

"నా చేన్లో నేనేసుకుంటాండా సార్. ఆమె చేన్లో కాదు గదా?"

"చేను నీదే. నీళ్లకు గట్టు తెలీదు గదా."

కాసేపు చెట్ల వంక చూసి, "నువ్వు చూపకుంటే టెంకాయ సామి చూపిస్తాడు. అప్పుడు మాత్రం చిన్నమ్మ బోరు ఎండదా?" అన్నాడు.

చట్టం ఆయన పక్షమే. 1843లో ఇంగ్లండులో బొగ్గు గని తవ్వకం వల్ల పక్కవాడి బావి ఎండిపోతే, ఆక్టన్, బ్లండెల్ అనే ఇద్దరు కోర్టుకెక్కారు. నేల కింద కనపడకుండా పారే నీళ్ల మీద పక్కవాడికి హక్కు లేదు పొమ్మన్నారు జడ్జీలు. ఎవరి భూమి కింది నీళ్లు వాళ్లు తోడుకోవచ్చునన్న మాట 1882 నాటి మన ఈజ్‌మెంట్ల చట్టంలోనూ ఉంది. ముసురు పట్టి వదలని దేశంలో పుట్టిన న్యాయం వానకు మొహం వాచిన రాయలసీమకు వచ్చిందన్నమాట. 2002లో వచ్చిన వాల్టా చట్టం బోర్లకు అనుమతి ఉండాలంది, ఊరి మంచినీటి బావికి 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా తవ్వొద్దంది. ఊరి దాహాన్ని ఆ మాత్రం తలచుకున్నందుకు సంతోషమే.

చట్టం సంగతి సరే, "నేను కాకపోతే ఇంకొకడు" అన్న మాటకు ఏం చెప్పాలి? లంచం పుచ్చుకునేవాడూ ఇదే మాట అంటాడు. అయినా కళ్లెదుట చెట్లు ఎండుతున్న మనిషి నోట వింటే అంత తేలిగ్గా కొట్టిపారెయ్యలేం. నాకు తోచిందొకటే. టెంకాయ సామికి ఆ పగులు సంగతి తెలీదు, నాకు తెలుసు. తెలిసినవాడు చూపడం మానినంత మాత్రాన బాధ్యత తీరదు, నష్టపోయే మనిషికి చెప్పాలి. ఆయన్ని వెంటబెట్టుకుని ఆమె దగ్గరికే వెళ్లి, జరగబోయేది చెప్పాను.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "వాని చెట్లు ఎండితే నాకేం సుఖం నాయనా? ఏసుకోనీ. దినం తప్పించి దినం నాకిన్ని నీళ్లు ఇడిస్తే చాలు" అంది. ఆయన సరేనన్నాడు, పైపు వేశాడు, రెండేళ్లు మాట తప్పకుండా వదిలాడు. మూడో ఏడు వాన లేదు, ఆయనకే చాలలేదు. మాట తప్పాడనడానికి నాకు నోరు రాదు. ఆమె మోసపోలేదనడానికీ రాదు.

ఇదే చెరువు నీళ్లైతే కథ వేరుగా ఉండేది. 1388లో పెనుకొండకు పెన్న నీళ్లు తేవాలని విజయనగర రాజకుమారుడు ప్రతాప బుక్కరాయలు ఆజ్ఞాపిస్తే, సింగయభట్టు అనే జలసూత్రజ్ఞుడు సిరువెర చెరువుకు కాలువ తీసి శాసనం వేయించాడు. ఆ కాలువ కంటికి కనపడేది. రాత్రి ఎవడైనా గండి కొడితే పొద్దుటికి ఊరంతా తెలుస్తుంది, నీరుగంటి వచ్చి నిలదీస్తాడు. బండ కింది పగులుకు నీరుగంటి ఎక్కణ్ణించి వస్తాడు? తాను ఇంకొకరివి తోడుకుంటున్నానని తోడుకునేవాడికే తెలీదు.

ఆ కనపడనిదాన్ని కనపడేలా చేసే ప్రయత్నం ఒకటి జరక్కపోలేదు. 2003 ప్రాంతంలో నెదర్లాండ్స్ వారి డబ్బుతో, తర్వాత ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ చేయూతతో, అనంతపురంతో సహా ఏడు జిల్లాల్లో రైతులే వాన కొలిచారు, బోర్లలో నీటిమట్టం కొలిచారు. రబీకి ముందు సభ పెట్టుకుని, ఉన్న నీళ్లెన్ని, వేయదలచిన పైర్లకు కావలసినవెన్ని అని లెక్క కట్టుకున్నారు. ఫలానాది వెయ్యొద్దని ఎవరూ ఆజ్ఞాపించలేదు. లెక్క పదిమందికీ తెలిశాక ఎవరి ఇష్టం వారిది. నా అనుభవంలో నీళ్ల విషయమై నాకు నచ్చిన పద్ధతి ఇదొక్కటే.

అయితే అందులోనూ ఒక చిక్కుంది. లెక్క తక్కువొస్తే వేరుశనగవాడు ఓ పంట మానుకోగలడు. చీనీవాడు చెట్టుకు ఈ ఏడు సెలవని చెప్పలేడు. ఇక బోరే లేని మెట్ట రైతున్నాడు. ఆయన చేలో పడిన వాన కూడా అదే బండలోకి ఇంకుతుంది, పక్కవాళ్ల బోర్లలో తేలుతుంది. నీళ్ల లెక్కల్లో ఆయన చేను విస్తీర్ణం ఇంకుడు కింద వస్తుంది, వాడకం కింద రాదు. బోరు వేసే స్తోమతు లేదు గనక ఆయన నన్నెప్పుడూ పిలవలేదు. చిన్నమ్మకైతే వెళ్లి చెప్పాను గాని, ఆయన గడప తొక్కే పని నాకెవరూ పెట్టలేదు.