నీటి ఊటను చూచిన కన్నులు

వాక్యభాగము: ఆదికాండము 21వ అధ్యాయము, 14 నుండి 19వ వచనము వరకు



దూరదేశములలో స్థిరపడిన మన పిల్లలు ఈ మధ్య ఉత్తరములు వ్రాయుట మాని ఫొటోలు పంపుచున్నారు. వేలూరులో గాని గుడియాత్తంలో గాని ఒక తెలుగు ఇంటికి వెళ్ళి కూర్చుంటే, కాఫీ కంటె ముందు సెల్‌ఫోను చేతికి వచ్చును. వాటిలో జపాను పద్ధతిలో వేసిన తోటల బొమ్మలు చాల చూచితిమి. అమెరికాలో పోర్ట్‌లాండ్ పట్టణమున 1967లో ప్రజలకు తెరచిన తోట ఒకటి, దక్షిణాఫ్రికాలో డర్బన్ పట్టణమున ఉన్నది మరియొకటి. కొలను, దానిపై చిన్న వంతెన, ఎఱ్ఱని చేపలు, రాతిమీద కదలక నిలిచిన కొంగ. ఇదంతయు వ్యర్థ కాలక్షేపమని మన పెద్దలలో కొందరు విసుగుకొందురు. మేము ఆ మాట ఒప్పుకొనము. పక్షులను గమనించుమని మత్తయి సువార్త 6వ అధ్యాయములో చెప్పినవాడు మన ప్రభువే. గమనించుటకు ఒకచోట నిలువవలెను. మనలో ఎంతమందిమి ఒక పక్షి యెదుట పది నిమిషములు నిలిచితిమి?

ఆ పని సులువనుకొనవద్దు. లకుముకి పిట్ట నీటిలోనికి దూకు క్షణమును పట్టుటకు కెమెరా కన్ను సెకనులో వెయ్యవ వంతు మాత్రమే తెరచి మూయవలెను. రాళ్ళమీదుగా జారు నీరు పాలవలె కనబడవలెనంటే సెకనులో నాలుగవ వంతు తెరచి ఉంచవలెను. అప్పుడు చేయి వణికినను బొమ్మ చెడును గనుక స్టాండు కావలెను. నిలుచుండి పైనుండి తీసినదాని కంటె, నేలమీద కూర్చుండి నీటి మట్టమునుండి తీసినది బాగుండును. మన చెరువు గట్లమీద గుడ్డికొంగ అను పక్షి ఉన్నది. మనిషి దగ్గరకు వచ్చువరకు కదలదు గనుక దానికి చూపు లేదని ఆ పేరు పెట్టిరి. దానికి చూపున్నదో లేదో చేపనడుగవలెను.

మరియొక సంగతి. కొలనుమీద ఆకాశము మెరయుచున్నంతవరకు లోపలి చేప కనబడదు. లెన్సు ముందు పోలరైజింగ్ ఫిల్టర్ అను అద్దము బిగించి, నీటిని ఏటవాలుగా చూచుచు మెల్లగా త్రిప్పినయెడల, ఆ మెరుపు తగ్గి అడుగున గులకరాళ్ళు, వాటి మధ్య తిరుగు చేపలు కనబడును. చేపలు అప్పుడు వచ్చినవి కావు. అద్దము తిరుగకముందు కూడ అక్కడనే ఉన్నవి.

ఈ సంగతి తెలిసినప్పుడు మాకు హాగరు జ్ఞాపకమునకు వచ్చెను. ఐగుప్తునుండి వచ్చిన దాసి. పరాయి ఇంట పని చేసి, ఆ ఇంటినుండియే పంపివేయబడినది. బెయేర్షెబా అరణ్యములో తిత్తిలోని నీళ్ళు అయిపోయెను. పిల్లవానిని ఒక పొద క్రింద పడవేసి, వాని చావు చూడలేక వింటివేత దూరమున కూర్చుండెను. ఆమె చూడకుండుటకే దూరముగా వెళ్ళినదని గమనించుడి. దుఃఖము మిక్కుటమైనప్పుడు మనుష్యుడు చేయు పని అదే. దేవుడు పిల్లవాని మొర విని, ఆ తల్లి కన్నులు తెరచెను. ఆమెకు నీళ్ళ ఊట కనబడెను. పాఠ్యములో లేని మాటను చదువరాదని ఉపాధ్యాయ శిక్షణలో మాకు నేర్పిరి. దేవుడు అక్కడ క్రొత్తగా బావి త్రవ్వెనని ఆ భాగములో లేదు. కన్నులు తెరచెనని మాత్రమే ఉన్నది. అంతకుముందు 16వ అధ్యాయములో, ఇదే స్త్రీ మరియొక నీటి ఊటయొద్ద దేవునికి తనను చూచువాడని పేరు పెట్టినది. పారిపోవుచున్న దాసిని చూచిన దేవుడు.

ఇప్పుడు మన ఊళ్ళకు వత్తము. కెమెరాకు నాలుగు అంచులున్నవి. ఏది లోపల ఉండవలెనో, ఏది బయట ఉండవలెనో తీయువాడు నిర్ణయించును. మన పూర్వులు రాయవేలూరు అని పిలిచిన ఈ పట్టణములో కోట చుట్టు కందకమున్నది. తెల్లవారుజామున అక్కడ నీటికాకులు, కొంగలు వ్రాలును. మన యౌవనస్థులు తీసిన బొమ్మలు చూడ ముచ్చటగా ఉన్నవి. గట్టునున్న ప్లాస్టిక్ సంచులు ఒక్కదానిలోను లేవు. 2021 నవంబరులో మోర్దానా జలాశయము పొంగి కౌండిన్య నది గుడియాత్తంలో ఇండ్లలోనికి వచ్చినప్పుడు, నురుగుతో పరుగెత్తు నీరు ఎన్నో సెల్‌ఫోన్లలోనికి ఎక్కినది. మేము చూచిన వాటిలో ఇండ్లు విడిచి వెళ్ళినవారు లేరు.

పాలారు సంగతి ఇంకను కఠినమైనది. నందికొండలలో పుట్టి, మూడు రాష్ట్రముల మీదుగా సుమారు 348 కిలోమీటర్లు పోవు నది. వేలూరు దగ్గర సంవత్సరములో ఎక్కువ నెలలు ఇసుకయే. జపానులో నీటిచుక్క లేని తోటలు కూడ ఉన్నవి. తెల్లని కంకరను పండ్లమానుతో గీసి అలలవలె చేయుదురు. చూచువాడు దానిని నీరని ఊహించుకొనవలెను. పాలారులో ఊహించుకొన పని లేకుండెను. ఇసుకలో చెలమ తీసినయెడల తియ్యని నీరు ఊరెడిది. తరువాత తోలు కర్మాగారముల మురుగు ఆ నీటిలో కలిసెను. 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు, వేలూరు పౌరుల సంక్షేమ వేదిక వేసిన వ్యాజ్యములో తీర్పు చెప్పుచు, సుమారు 35,000 హెక్టార్ల సాగుభూమి కొంత గాని పూర్తిగా గాని పాడైనదన్న సర్వేను పేర్కొన్నది. పాడుచేసినవాడే వెల చెల్లింపవలెనని ఆజ్ఞాపించినది. 2025 జనవరి 30న అదే న్యాయస్థానము పాలారు విషయములో మరల తీర్పు ఇయ్యవలసి వచ్చెను. ఆ తోళ్ళ కూలితోనే పిల్లలను చదివించిన కుటుంబములు మన సంఘములలో ఉన్నవి గనుక, ఇక్కడ రాయి విసరుట సులువు కాదు. అయితే నదిని చూడకుండ వంతెన దాటుట మాత్రము మనకు మిక్కిలి అలవాటైనది.

జపాను తోటమాలులనుండి నేర్చుకొనదగినది ఇంకొకటి ఉన్నది. వారు గోడ కట్టినను, గోడ అవతలి కొండ కనబడునట్లు చెట్లను కత్తిరింతురు. ఆ కొండ వారిది కాదు; అయినను తోటలో భాగమగును. దానిని వారి భాషలో షక్కెయి, అనగా అరువు తెచ్చుకొన్న దృశ్యము, అందురు.

మన ప్రార్థనాలయములకు గోడలున్నవి. మా ప్రాంతములోని ఒక సంఘములో వార్షికోత్సవమునాడు అందరిని వరుసలుగా నిలిపి ఫొటో తీసిరి. చివరన ఒక స్త్రీ నిలిచియుండెను. రాయలసీమనుండి భర్త వైద్యమునకు వచ్చినది. మూడు ఆదివారములుగా వెనుక బల్లమీద కూర్చుండి వెళ్ళుచున్నది. "అమ్మా, మీరు కొంచెము ప్రక్కకు జరుగుడి, ఇది సంఘ సభ్యుల ఫొటో" అని ఒకరు మర్యాదగానే చెప్పిరి. ఆమె జరిగెను. ఫొటో చక్కగా వచ్చినది; నేడు గోడమీద ఉన్నది. నాల్గవ ఆదివారము ఆమె రాలేదు. ఆమె భర్త ఏమాయెనో ఆ సంఘములో ఎవరికిని తెలియదు.

మనమెవరము? 1860 నవంబరు 16న ట్రూరో అను ఓడ మద్రాసునుండి డర్బన్ చేరినది మొదలు 1911 వరకు సుమారు 1,52,000 మంది నేటాలు చెరకు, తేయాకు తోటలకు కూలీలుగా వెళ్ళిరి. ఉత్తర ఆర్కాటు జిల్లావారు, తెలుగు మాటలాడువారు వారిలో అనేకులు. వారికి తోట అనగా ఫొటో తీసుకొను స్థలము కాదు, ఒప్పందపు కూలి. 1903లో జాన్ రంగయ్యగారు నెల్లూరు సీమనుండి అక్కడికి వెళ్ళి, కియర్స్‌నీ తేయాకు తోటల తెలుగువారి మధ్య సంఘము స్థాపించిరి. ఎవరును చూడని వారిని చూచుటకు ఆయన సముద్రము దాటెను. మనము గాంధీ రోడ్డు దాటిన చాలును.

1900లో ఐడా స్కడ్డరమ్మగారు ఒక్క పడకతో ఆరంభించిన వైద్యశాలకు నేడును ఆంధ్ర, తెలంగాణములనుండి రోగులు వచ్చుచునే ఉన్నారు. లాడ్జి గదులలో వారాల తరబడి ఉందురు. అరవము రాదు, ఇంగ్లీషు రాదు. డాక్టరు వ్రాసిన చీటీ చదివి తెలుగులో చెప్పు మనిషి కావలెను. రోగికి గంజి కాచుటకు ఒక పొయ్యి కావలెను. ఆపరేషను రోజున గది బయట ప్రక్కన కూర్చుండు ఒక అక్కయో, అన్నయో కావలెను. ఈ మూడును మన సంఘములలో ఉన్నవి. వచ్చే ఆదివారము ఆరాధన ముగియగానే వెనుక బల్ల దగ్గరకు వెళ్ళి, ఏ ఊరమ్మా అని అడుగుడి.