నొక్కబడియున్న స్ప్రింగు



గ్రామ కూటములకు మేము తీసికొనిపోవు మారుతి 800 కారు ముందు స్ప్రింగు ఒకటి కుంగెను. బండి ఒక ప్రక్కకు ఒరుగకుండ రెండును కొంటిమి. జాకీనే నమ్ముకొనక స్టాండ్లు నిలిపి, చక్రము తీసి, స్ట్రట్టును బయటికి తెచ్చితిమి. పై నట్టుకు మేము స్పానరు వేయగానే పెద్దవాడు మా చేయి పట్టుకొనెను.

“నాన్నా, స్ప్రింగును ఇంకా నొక్కి బిగించలేదు!”

నిజమే. ఊరకున్నట్టు కనబడినను అది లోపల బలము బిగబట్టియున్నది. నట్టు విడినచో మా ముఖముమీదికే వచ్చును. ఎదురెదురుగా రెండు కంప్రెసర్లు తగిలించి, ఇటు కొంత అటు కొంత బిగించి, పై పళ్లెము వదులైన పిమ్మటనే నట్టు విప్పితిమి.

ఒక సంఘపెద్దమీద కోపము లోపలనుంచుకొని మేమును నాలుగు నెలలుగా ఊరకుంటిమి. దానిని సమాధానమని పిలుచుకొంటిమి. మత్తయి 5:23, 24 తలంపునకు వచ్చెను. రెండవ ప్రక్క ఇంకను విప్పలేదు. బండిని స్టాండ్లమీదనే విడిచి, చేతుల గ్రీజు కడుగుకొని, ఆయన యింటికి నడిచితిమి.