నడుమ నిలిచినవాడు

ప్రియ చదువరీ, మన తిరువూరు ప్రాంతపు పొలములలో గట్టు తగవు వచ్చినప్పుడు నీవెన్నడైనను నడుమకు వెళ్లితివా? వెళ్లినయెడల ఇరువురును నిన్నే అనుమానించియుందురు. సంధి కుదరనిచో ఆ శ్రమ వ్యర్థమేనా?

ఎస్. ఆర్. శంకరన్ గారిని తలంచుకొనుము. ఆయన బీదల మేలు కోరిన ఐ.ఏ.ఎస్. అధికారి. 1987 డిసెంబరులో తూర్పు గోదావరి మన్యమందలి గుర్తేడు వద్ద నక్సలైట్లు ఆయనను, మరికొందరు అధికారులను బందీలుగా పట్టుకొనిరి. విడుదలైన తరువాత ఆయన పగ పెంచుకొనలేదు. 1997లో పౌర స్పందన వేదికకు పెద్దగా నిలిచి, తన్ను పట్టుకొనిన పక్షముతోనే మాటలాడ సాగెను. ఎన్‌కౌంటర్ల పేరిట చంపుట తగదని ప్రభుత్వమునకు, ఇన్‌ఫార్మర్లని చంపుట తగదని నక్సలైట్లకు చెప్పెను. ఎవరి ముఖస్తుతియు చేయలేదు.

2004 అక్టోబరులో హైదరాబాదునందు ఇరుపక్షములును ఎదురెదురుగా కూర్చుండెను. అయితే ఆయుధముల మాట తెగలేదు. 2005 జనవరిలో చర్చలు ముగిసిపోయెను. మరల రక్తము చిందెను. 2010లో ఆయన కన్నుమూసెను.

ఓడిపోయెనని లోకమనును. కాని 2004లో తుపాకులు చాలవరకు మౌనముగానున్న ఆ కొద్ది నెలలలో దక్కిన ప్రాణములను ఎవరు లెక్కింపగలరు? ఇల్లు చేరిన కుమారుని తల్లికి ఆ నెలలు వ్యర్థమా? ప్రభువు సమాధానపరచువారిని ధన్యులనెను. జయము పొందినవారిని మాత్రమే అనలేదు.

గనుక చదువరీ, నిన్ను గాయపరచినవాని గడప ఎక్కుటకు వెనుదీయకుము. ఫలము నీ చేతిలో లేదు. గడప ఎక్కుట నీ చేతిలోనున్నది.